గుండెపోటు తర్వాత నాన్న రిపోర్టులో యూరిక్ యాసిడ్ 9.4. మందు వాడాలా, వదిలేయాలా?

నాన్నకూచి | రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్నే, రాయడం ఇదే మొదటిసారి.

నాన్నకు 63. పదకొండు రోజుల కిందట గుండెపోటు వచ్చింది. ముందువైపు పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందన్నారు, స్టెంట్ వేశారు. రెండో రోజు రాత్రి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి బాగా ఆయాసపడ్డారు. ఇంజెక్షన్లు చేశాక తెల్లవారుజామున తేరుకున్నారు. ఎకోలో (గుండె స్కాన్) గుండె పంపింగ్ 38 శాతమే. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, మెల్లగా నడుస్తున్నారు.

ఈ రోజు ఫైలు సర్దుతుంటే ఒక కాగితం కంటపడింది. చేరిన మర్నాడు తీసిన రక్తంలో యూరిక్ యాసిడ్ 9.4 అని, పక్కన ముద్దగా నల్లటి అక్షరాల్లో 'ఎక్కువ' అని ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ రెండుసార్లు చదివాను, దాని ఊసే లేదు. నాన్నకు కీళ్ల నొప్పులు ఎప్పుడూ లేవు. నెట్‌లో వెతికితే ఒకచోట ఇది ఎక్కువుంటే మళ్లీ అటాక్ వస్తుందని, ఇంకోచోట ఆస్పిరిన్ వల్లే పెరుగుతుందని ఉంది. ఆ రెండోది చదివి మా బాబాయి 'అయితే ఆస్పిరిన్ ఆపేయండి' అంటున్నాడు. పొద్దున మాత్ర వేయాలా వద్దా అన్న టెన్షన్‌లో నిద్ర పట్టడం లేదు.

మందులు: ఆస్పిరిన్ 75, టికాగ్రెలార్, అటోర్వాస్టాటిన్, రామిప్రిల్, ఫ్యూరోసెమైడ్, ఒక బీటా బ్లాకర్.

---

మాత్రలడబ్బా | రాత్రి 11:51

ముందు ఆ ఒక్కదానికి జవాబు, మిగతాది తర్వాత. పొద్దున ఆస్పిరిన్ వేయండి. టికాగ్రెలార్ కూడా. స్టెంట్ వేసి రెండు వారాలైనా కాలేదు. ఇప్పుడు ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టొచ్చు. యూరిక్ యాసిడ్ 9.4 వల్ల ఈ వారం ఏమీ కాదు, ఆస్పిరిన్ ఆపితే ఈ వారమే ఏదైనా కావచ్చు. బాబాయి గారికి ఈ పోస్టు చూపించండి.

---

నాన్నకూచి | రాత్రి 11:55

థాంక్స్ అండీ. వేస్తాను.

---

ముందుజాగ్రత్త | ఉదయం 6:20

ఆస్పిరిన్ విషయం ఒప్పుకుంటా. కానీ 9.4ని అలా వదిలేయమంటారా? 7 దాటితేనే ఎక్కువ కింద లెక్క. నాకు 8.5 ఉంటే అల్లోప్యురినాల్ వాడి 5.6కి దించుకున్నాను, నాలుగేళ్లుగా హాయిగా ఉన్నాను. గుండె పేషెంట్ రిపోర్టులో ఇంత పెద్ద నంబరు ఉంటే డాక్టర్లు పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమే. నన్నడిగితే రేపే వెళ్లి మాత్ర రాయించుకోండి. నీళ్లు కూడా బాగా తాగించండి, రోజుకు మూడు నాలుగు లీటర్లు.

---

రాత్రి డ్యూటీ | ఉదయం 7:35

డ్యూటీ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. గుండె వార్డులో పన్నెండేళ్లుగా నర్సుని.

అన్నా, నీళ్ల సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు చెప్పే మాట అది. ఈ పెద్దాయన పంపింగ్ 38, మొన్ననే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ నీటిని బయటికి పంపడానికే ఫ్యూరోసెమైడ్ ఇస్తున్నారు. ఒకపక్క దాంతో నీరు తీస్తూ ఇంకోపక్క నాలుగు లీటర్లు పోస్తే మళ్లీ ఎమర్జెన్సీకే. రోజుకు ఎంత నీరు తాగాలో వాళ్ల డాక్టర్ చెప్పిన కొలతే కొలత. చెల్లెమ్మా, రోజూ పొద్దున నాన్నగారి బరువు చూసి రాసిపెట్టు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు ఉబ్బినా ఫోన్ చెయ్యి.

ఇక 9.4 ఎందుకు వచ్చిందంటావా. గుండె కండరానికి రక్తం ఆగిపోతే కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ విరిగిపోతుంది. ఆ ముక్కలు చివరికి హైపోజాంథీన్ అవుతాయి, అది జాంథీన్‌గా, జాంథీన్ యూరిక్ యాసిడ్‌గా మారుతుంది. రక్తప్రసరణ తగ్గినప్పుడు గుండె ఒక్కటే కాదు, ఒళ్లంతా ఆక్సిజన్‌కి అల్లాడుతుంది, కాబట్టి తయారీ పెరుగుతుంది. అదే సమయంలో కిడ్నీలకు రక్తం సరిగా అందదు. రోజూ తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. రావడం ఎక్కువై, పోవడం తగ్గితే ఏమవుతుంది? అదే ఆ కాగితం మీదున్నది.

మా దగ్గర గుండెపోటుతో వచ్చినవాళ్లను కిల్లిప్ తరగతులుగా చూస్తారు. 1967 నుంచి ఉన్న పద్ధతి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే ఒకటి, స్టెతస్కోప్‌లో చిటపట వినపడితే రెండు, ఊపిరితిత్తులు నీటితో నిండిపోతే మూడు, బీపీ పడిపోయి ఒళ్లు చల్లబడితే నాలుగు. తరగతి పెరిగేకొద్దీ యూరిక్ యాసిడ్ కూడా ఎక్కువగా కనిపిస్తుంది. 2005లో జపాన్ నుంచి వచ్చిన అధ్యయనంలో, గుండెపోటు వచ్చి 48 గంటల్లోపు చేరిన వెయ్యిమందికి పైగా రోగుల్లో ఇదే తేలింది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు ఎక్కువమంది చనిపోయారు కూడా. ఈ మాట చూసి భయపడకు. దెబ్బ పెద్దదైతే నంబరు పెద్దదవుతుంది. నాన్నగారు ఆ రాత్రి ఎంత కష్టపడ్డారో నీకు ముందే తెలుసు, ఈ కాగితం కొత్తగా చెప్పేదేం లేదు. ఆయన ఆ రాత్రి దాటేశారు.

స్టాప్ వచ్చింది. ఉంటా.

---

ముందుజాగ్రత్త | ఉదయం 8:02

నీళ్ల విషయం తప్పే. క్షమించాలి. నాకు చెప్పింది ఆవిడకు చెప్పేశాను.

మాత్ర విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

---

చుక్కరక్తం | ఉదయం 9:14

ల్యాబ్ మనిషిని. మా వైపు నుంచి రెండు ముక్కలు.

ఈ నంబరు ఏ రోజుది అన్నదే అసలు ప్రశ్న. చేరిన మర్నాడు అంటున్నారు, అంటే ఒళ్లు అతలాకుతలంగా ఉన్నప్పటిది. దాన్ని ఆయన మామూలు స్థాయి అనుకోకూడదు. మామూలు స్థాయి తెలియాలంటే నిలకడపడ్డాక, నెలా నెలన్నర ఆగి మళ్లీ చేయించాలి. దాంతోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష, అవి మందగిస్తే ఇది పెరుగుతుంది) తప్పకుండా చేయించండి. క్రియాటినిన్ పక్కన లేని యూరిక్ యాసిడ్‌ని చూసి నేనైతే ఏమీ అనను. ఇంతకీ అదే కాగితంలో క్రియాటినిన్ ఎంతుంది?

ఇంకొకటి, యూనిట్లు చూసుకోండి. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో కాకుండా మైక్రోమోల్స్‌లో ఇస్తాయి. ఒకాయన '420 వచ్చింది, ఇంకెన్ని రోజులు బతుకుతాను' అని కౌంటర్ దగ్గర వణికిపోయాడు. 420 అంటే దాదాపు 7. పాత రిపోర్టులో 7 ఉన్నప్పుడు ఆయనే నవ్వుతూ వెళ్లిపోయాడు! మీ 9.4 ఆ లెక్కలో 559 అవుతుంది.

---

నాన్నకూచి | ఉదయం 9:40

క్రియాటినిన్ 1.6 అండీ. మూడేళ్ల కిందటి హెల్త్ చెకప్ కాగితం దొరికింది, అందులో 1.0. యూరిక్ యాసిడ్ అప్పుడు 6.7.

---

చుక్కరక్తం | ఉదయం 9:43

అదిగో.

---

లెక్కలమాస్టారు | మధ్యాహ్నం 1:10

చుక్కరక్తం గారు 'అదిగో' అని ఊరుకున్నారు, నేను కాస్త విడమరుస్తాను. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీలు అప్పుడు మందగించాయని, 9.4లో దాని వాటా ఉందని. ఇక మాత్ర సంగతి. ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న గుండె రోగులకు ముప్పు ఎక్కువా? అవును. మరి మాత్రతో దాన్ని దించితే ముప్పు తగ్గుతుందా? ఇది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు అవునైనంత మాత్రాన రెండోదానికీ అవునే కానక్కర్లేదు.

1999లో ఫ్రామింగ్‌హామ్ (అమెరికాలో ఏళ్ల తరబడి సాగుతున్న గుండె జబ్బుల పరిశోధన) అధ్యయనం వాళ్లు 6,763 మంది వివరాలు తిరగేశారు. పైపైన చూస్తే యూరిక్ యాసిడ్‌కీ గుండె మరణాలకీ లంకె కనిపించింది, ముఖ్యంగా ఆడవాళ్లలో. బీపీ, నీరు తీసే మాత్రల వాడకం లాంటివి లెక్కలోకి తీసుకునేసరికి ఆ లంకె మాయమైంది. అంటే నీరు తీసే మాత్ర వేసుకునేవాడికి గుండె జబ్బూ ఉంటుంది, ఆ మాత్ర వల్ల యూరిక్ యాసిడూ పెరుగుతుంది.

అక్కడితో వాదన ఆగలేదు, ఆగకూడదు కూడా. మందు ఇచ్చి చూడాలిగా? బ్రిటన్‌లో ఆల్-హార్ట్ పేరుతో అదే చేశారు. 60 దాటినవాళ్లు, గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్లు, గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో చేరి వచ్చే నొప్పి) లేనివాళ్లు 5,700 మందికి పైగా. సగం మందికి మామూలు మందులతోపాటు అల్లోప్యురినాల్, రోజుకు 600 మిల్లీగ్రాముల దాకా. సగం మందికి మామూలు మందులే. దాదాపు ఐదేళ్లు చూశారు. 2022లో ఫలితం వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణం, ఈ మూడూ కలిపి అల్లోప్యురినాల్ వాడినవాళ్లలో 11.0 శాతం, వాడనివాళ్లలో 11.3 శాతం.

ఆ తేడా తేడా కాదు. నేను పదో తరగతి పిల్లలకు కూడా ఆ లెక్క అలాగే చెబుతాను.

---

ముందుజాగ్రత్త | మధ్యాహ్నం 2:25

మాస్టారూ, నేనూ కొంచెం చదివాను. జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ యూరిక్ యాసిడ్ తయారుచేసేటప్పుడు సూపర్‌ఆక్సైడ్ అనే విషాన్ని కూడా వదులుతుంది, అది రక్తనాళాల గోడల్ని పాడుచేస్తుంది. గౌట్ ఉన్నవాళ్ల గుండె రక్తనాళాల్లో యూరిక్ యాసిడ్ స్ఫటికాల లాంటివి స్కాన్‌లో కనిపించాయని కూడా ఉంది. ఇదంతా అబద్ధమా? ఆల్-హార్ట్‌లో అందరికీ యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉందా అసలు? ఎక్కువ లేనివాళ్లకు మందిస్తే లాభం ఎలా కనపడుతుంది?

---

లెక్కలమాస్టారు | సాయంత్రం 4:50

మంచి ప్రశ్న, నిజంగానే. యూరిక్ యాసిడ్ ఇంత ఉంటేనే తీసుకుంటాం అన్న షరతు ఆ పరిశోధనలో లేదు. అందుకని 9, 10 ఉన్నవాళ్ల గురించి అది ఆఖరి మాట కాదు. ఎంజైమ్ సంగతి కూడా నిజమే. అయితే సూపర్‌ఆక్సైడ్‌ని పుట్టించేది ఎంజైమ్. అల్లోప్యురినాల్ ఆపేది ఆ ఎంజైమ్‌నే. అది ఆగినా ఈ 5,700 మందిలో గుండెకు ఒరిగిందేమీ కనపడలేదు. మీ వాదన నిజమైతే అక్కడ కొంచెమైనా జాడ కనపడాల్సింది కదా.

జన్యువుల కోణం ఒకటుంది. కొందరికి పుట్టుకతోనే, జీవితాంతం యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువుండేలా జన్యువులు ఉంటాయి. యూరిక్ యాసిడే గుండె జబ్బు తెస్తుంటే వాళ్లలో గుండెపోట్లు ఆ మేరకు పెరగాలి. ఇలా వెతికిన అధ్యయనాల్లో గౌట్‌కి గట్టి సాక్ష్యం దొరికింది, గుండె జబ్బుకి అంత గట్టిగా దొరకలేదు.

మీరు గౌట్‌కే వాడుతున్నారా?

---

ముందుజాగ్రత్త | సాయంత్రం 5:05

అవును. ఏడాదిలో మూడుసార్లు వచ్చింది.

---

లెక్కలమాస్టారు | సాయంత్రం 5:07

మరి ఆ మాట ముందే చెప్పాలి కదండీ! మీకు ఆ మాత్ర సరైనదే. 6 కంటే కిందికి దించడమే గౌట్‌లో లక్ష్యం. ఈ అమ్మాయి నాన్నగారికి గౌట్ లేదు.

---

పాతబొటనవేలు | సాయంత్రం 6:30

పేరు చూశారుగా, నా కథ అదే. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి ఆరేళ్లు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూడింటికి ఎడమ కాలి బొటనవేలు దగ్గర మొదలైంది. గంటలో వేలు మొదలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడింది. దుప్పటి అంచు తగిలితే ప్రాణం పోయేది. కాలు బయట పెడితే ఫ్యాను గాలి కూడా భరించలేకపోయాను. గుండెపోటు కంటే అదే ఎక్కువ నొప్పి అంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఇంట్లో పాత నొప్పి మాత్రలుంటే మూడు రోజులు వరసగా వేసుకున్నాను. బరువు పెరిగింది, పాదాలు ఉబ్బాయి, ఆయాసం తిరిగొచ్చింది. గుండెపోటు తర్వాత ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడకూడదని, ఒంట్లో నీరు నిలబెడతాయని, ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డుపడుతుందని అప్పుడు తెలిసింది. డిశ్చార్జ్ అప్పుడు ఒక్కరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది. చెప్పారేమో, ఆ రోజు నా చెవికి ఏదీ ఎక్కలేదు.

విచిత్రం ఏంటంటే ఆ నొప్పి రోజుల్లో పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ 6.4. నార్మల్! గౌట్ కాదేమో అనుకున్నా. నొప్పి మండిపోతున్నప్పుడు రక్తంలో నంబరు తగ్గి కనిపించడం మామూలేనని డాక్టర్ గారు చెప్పారు. రెండు వారాల తర్వాత 8.8.

---

మాత్రలడబ్బా | రాత్రి 9:15

పాతబొటనవేలు గారూ, ఆ నొప్పి మాత్రల సంగతి రాసినందుకు థాంక్స్. షాపులో రోజుకు ఒకరైనా ఇలా వస్తారు.

గౌట్ నొప్పి గురించి ఇంకో విషయం. 2022లో బ్రిటన్ రోగుల వివరాలతో వచ్చిన అధ్యయనంలో, గౌట్ ఉన్నవాళ్లకు నొప్పి విరుచుకుపడ్డ తర్వాత దాదాపు నాలుగు నెలల పాటు గుండెపోటు, పక్షవాతం అవకాశం పెరిగినట్టు తేలింది. మొదటి రెండు నెలల్లో మరీ ఎక్కువ. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) రేగడమే కారణం అనుకుంటున్నారు. కాబట్టి గుండె రోగికి గౌట్ కూడా ఉంటే దాన్ని 'కాలి నొప్పేలే' అని వదలకూడదు.

ఇప్పుడు నాన్నకూచి గారి లిస్టు. ఫ్యూరోసెమైడ్ యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది, బాగానే పెంచుతుంది. ఆస్పిరిన్ చిన్న మోతాదులో కొద్దిగా పెంచుతుంది. (పెద్ద మోతాదులో తగ్గిస్తుంది, చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న వచ్చి నేను తలకిందులుగా రాశాను.) టికాగ్రెలార్ కూడా కొంచెం పెంచుతుంది, ఆపితే మామూలవుతుంది. అటోర్వాస్టాటిన్ కాస్త తగ్గించే వైపే. వీటిలో దేన్నీ యూరిక్ యాసిడ్ కోసం మీ అంతట మీరు ఆపకూడదు. ఆస్పిరిన్ అవసరమున్నవాళ్లకు గౌట్ ఉన్నా సరే ఆపొద్దనే 2020 అమెరికన్ గౌట్ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. బీపీ మందుల్లో లోసార్టాన్ మూత్రంలో యూరిక్ యాసిడ్‌ని ఎక్కువగా పంపుతుంది. షుగర్‌కీ, గుండె నీరసానికీ ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులూ తగ్గిస్తాయి. మార్చేవీ చేర్చేవీ డాక్టర్ ఇష్టం. మీరు అడగడంలో మాత్రం తప్పులేదు.

అల్లోప్యురినాల్ మంచి మందే, 1960ల నుంచి ఉంది, అయినా ఆషామాషీ మాత్ర కాదు. అరుదుగా ఒళ్లంతా చర్మం ఊడిపోయేంత రియాక్షన్ వస్తుంది. కొన్ని జన్యువులున్నవాళ్లకు, కిడ్నీ బలహీనంగా ఉండి పెద్ద మోతాదుతో మొదలుపెట్టినవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. మొదలుపెట్టిన కొత్తలో గౌట్ రేగుతుంది కూడా. యూరిక్ యాసిడ్ తగ్గించే ఇంకో మందు ఫెబుక్సోస్టాట్ మీద 2018లో వచ్చిన ట్రయల్‌లో, గుండె జబ్బున్న గౌట్ రోగుల్లో అల్లోప్యురినాల్ వాడినవాళ్లకంటే మరణాలు ఎక్కువ కనిపించాయి, 2019లో అమెరికా ఔషధ సంస్థ మందు సమాచార పత్రంలో గడి కట్టిన గట్టి హెచ్చరిక వేయించింది. 2020లో యూరప్‌లో జరిగిన ఇంకో ట్రయల్‌లో ఆ తేడా కనపడలేదు. గుండె డాక్టర్లు మాత్రం దాన్ని ఇంకా ఆచితూచే రాస్తారు.

---

ముందుజాగ్రత్త | రాత్రి 9:48

మరి గౌట్ నొప్పికి ఇచ్చే కొల్చిసిన్? దాన్ని గుండెపోటు తర్వాత కూడా ఇస్తున్నారని విన్నాను.

---

మాత్రలడబ్బా | రాత్రి 10:02

కొల్చిసిన్ యూరిక్ యాసిడ్‌ని తగ్గించదు. వాపును తగ్గిస్తుంది. 2019లో గుండెపోటు వచ్చి నెలలోపున్న 4,745 మందిలో రోజుకు అర మిల్లీగ్రాము ఇస్తే మళ్లీ గుండె ఇబ్బందులు 7.1 నుంచి 5.5 శాతానికి తగ్గాయి. 2023లో అమెరికాలో గుండె కోసం అనుమతి కూడా వచ్చింది. 2024లో ఏడు వేల మందితో చేసిన ఇంకో ట్రయల్‌లో లాభం ఏమీ కనపడలేదు. మధ్యలో ఉంది సంగతి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపితే ఇది విషమవుతుంది. అందుకని 'వాళ్లింట్లో వాడారు' అని వాడే మందు కాదు.

---

వేదిక నిర్వహణ | రాత్రి 10:10

గమనిక: ఫలానా రోగికి ఇంత మోతాదు వాడండి అని ఎవరూ రాయవద్దు. ఇప్పటివరకు చర్చ బాగుంది, థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాం.

---

నాన్నకూచి | మర్నాడు ఉదయం 6:55

అందరి పోస్టులూ నాన్నకు చదివి వినిపించాను. దుప్పటి అంచు దగ్గర నవ్వారు, ఇంటికొచ్చాక అదే మొదటి నవ్వు. బాబాయికి కూడా పంపాను, 'సరే' అని ఒక్క ముక్క రాశాడు. చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ గారిని ఏం అడగాలో నాలుగు ముక్కలు చెప్పరా?

---

రాత్రి డ్యూటీ | ఉదయం 8:11

కాగితం మీద రాసుకుని వెళ్లు, అక్కడ కూర్చోగానే అన్నీ మర్చిపోతాం. యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, పొటాషియం ఎప్పుడు మళ్లీ చేయించాలి? ఫ్యూరోసెమైడ్ ఇంకెన్నాళ్లు, తగ్గించొచ్చా? కీళ్ల నొప్పి వస్తే ఏ మాత్ర వేయొచ్చు? మూడోది తప్పకుండా అడుగు. అర్ధరాత్రి నొప్పొచ్చినప్పుడు ఇంట్లో ఏది దొరికితే అది మింగేస్తారు.

మూడేళ్ల కిందటి ఆ కాగితం కూడా తీసుకెళ్లు.

---

నాన్నకూచి | ఏడు వారాల తర్వాత, సాయంత్రం 7:20

అప్‌డేట్ ఇస్తానని ఆలస్యం చేశాను, ఏమీ అనుకోకండి. నిన్న చెకప్ అయింది. పంపింగ్ 46 శాతం. మూడు వారాల కిందటే ఫ్యూరోసెమైడ్ ఆపేశారు, బరువు నిలకడగానే ఉంది. యూరిక్ యాసిడ్ 7.2. డాక్టర్ గారు రెండు రిపోర్టులూ, ఆ పాతదీ పక్కపక్కన పెట్టి చూశారు. ఇప్పటికి మాత్ర అక్కర్లేదు, మద్యం, తీపి కూల్‌డ్రింకుల జోలికి పోవద్దు, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం అన్నారు. కీలు నొప్పి వస్తే మాత్రం సొంతంగా ఏమీ వేయకుండా ఫోన్ చేయమన్నారు.

---

ముందుజాగ్రత్త | సాయంత్రం 7:34

చాలా సంతోషం అమ్మా. 7.2 ఇంకా ఎక్కువే అని నా నోరు దురద పెడుతోంది, అయినా అనను.

---

లెక్కలమాస్టారు | సాయంత్రం 7:36

అనేశారుగా.

---

చుక్కరక్తం | రాత్రి 8:05

క్రియాటినిన్ ఎంత?

---

నాన్నకూచి | రాత్రి 8:09

1.1 అండీ.

---

చుక్కరక్తం | రాత్రి 8:10

అదిగో.